కమిటీలో ఓడిన కాగితం

గురజాడని చదివామని చెప్పుకునేవాళ్ళు 'కన్యాశుల్కం' చదివుంటారు, 'దిద్దుబాటు' చదివుంటారు, ఒకటో రెండో గేయాలు బళ్ళో బట్టీ పట్టుంటారు. ఆయన ఆఖరి పెద్ద రచన జోలికి మాత్రం పోరు. అందులో మధురవాణి లేదు, గిరీశం లేడు. అసలది తెలుగులోనే లేదు. తెలుగు వ్యాసరచన సంగతి తేల్చమని మద్రాసు విశ్వవిద్యాలయం ఒక ఉపసంఘాన్ని వేస్తే, దాని నివేదికతో ఒప్పుకోలేక 1914లో ఆయన ఇంగ్లీషులో రాసిచ్చిన 'మినిట్ ఆఫ్ డిసెంట్' అది. మనం అసమ్మతి పత్రం అంటున్నాం.

కమిటీలో ఒక సభ్యుడు తన అభ్యంతరం నమోదు చెయ్యాలంటే ఒక పేరా చాలు. గురజాడ పుస్తకమంత రాశాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి, ఒంట్లో ఓపిక లేదు. 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' రెండు నాటకాలూ సగంలో ఉన్నాయి, చివరికి సగంలోనే మిగిలిపోయాయి. 1915 నవంబరు 30న చనిపోయాడు. అంటే మిగిలిన కాస్త శక్తినీ ఒక యూనివర్సిటీ ఫైలుకి ధారపోశాడన్నమాట. రెండు నాటకాల బదులు ఒక కమిటీ కాగితం! సాహిత్యానికి ఇది నష్టం కాదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

నష్టం కాదనే నేను అనుకుంటున్నాను. అలాగని ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని చదివితే కూడా దాన్ని సరిగ్గా చదివినట్టు కాదు. అందులో తర్వాత కాలం గెలిపించిన ఒక వాదన ఉంది. ఆ వాదన నిలబడడం కోసం ఒప్పుకున్న ఒక షరతు కూడా ఉంది. వాదన సంగతి అందరం చెప్పుకుంటాం. షరతు సంగతి తెలియాలంటే ఇవాళ అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివే తెలుగు మీడియం కుర్రాడి జవాబు పత్రం చూడాలి. అక్కడికి వెళ్ళేముందు, గొడవ ఏంటో చూద్దాం.

*

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాలకి పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఒక చిక్కు ఎదురైంది. బళ్ళో పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, అదే బడి గుమ్మం బయట జనం మాట్లాడే తెలుగు ఇంకొకటి. వీటిలో ఏది నేర్పాలి? విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి, విజయనగరం సంస్థానంలో ఉన్న గురజాడ, వీళ్ళంతా ఆ ప్రశ్న చుట్టూ చేరారు.

ఒక దొర కుతూహలం పెద్ద యుద్ధంగా మారడానికి కారణం పరీక్షలు. స్కూల్ ఫైనల్‌లో, ఇంటర్మీడియట్‌లో విద్యార్థి తెలుగులో వ్యాసం రాయాలి. ఏ తెలుగులో రాయాలి? ఇంట్లో 'వచ్చాడు' అనేవాడు పరీక్షలో 'వచ్చెను' అని రాయకపోతే మార్కులు పోతాయా? ఒక దశలో స్కూల్ ఫైనల్‌లో కొత్త తెలుగు రాసినా ఫర్వాలేదని అనుమతి వచ్చింది. వెంటనే ఎదురుగాలి లేచింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని ముందు నిలబడ్డ జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయశాస్త్రి లాంటి పండితులు, వెనక నిలబడ్డ జమీందార్లు, సభలు, అర్జీలు. కొద్దికాలానికే ఆ అనుమతి వెనక్కి పోయింది.

1913లో గిడుగు 'ఎ మెమొరాండం ఆన్ మోడరన్ తెలుగు' అచ్చువేశాడు. అదే సంవత్సరం జయంతి రామయ్య 'ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు' తెచ్చాడు. 1914లో గురజాడ అసమ్మతి. ఇవి మూడూ కలిపి చదవాల్సిన పుస్తకాలు. మూడూ తెలుగు గురించే, మూడూ ఇంగ్లీషులోనే.

దీనికి హైదరాబాద్‌తో సంబంధం లేదనుకోవద్దు. నారాయణగూడకి కూతవేటు దూరంలో ఉన్న నిజాం కాలేజీ 1887లో మొదలైంది. 1947 దాకా అది మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధం. అక్కడ తెలుగు రాసినవాడు ఎవడైనా మద్రాసు నిబంధన కిందే రాశాడు. ఉన్నది నిజాం రాజ్యంలో, తప్పొప్పులు తేల్చేది మాత్రం చెన్నపట్నం కమిటీ!

*

అసమ్మతి పత్రాన్ని రచనగా చూస్తే ముందు ఆశ్చర్యం కలిగించేది అందులోని ఓపిక. కవి రాసిన కాగితం కదా, ఆవేశం ఉంటుందనుకుంటాం. ఉంది, కానీ దాన్ని సాక్ష్యాల కింద తొక్కిపెట్టి ఉంచాడు. గురజాడ సంస్థానంలో శాసనాల పని చేసినవాడు. రాతి మీద ఉన్న తెలుగుని చదివే అలవాటున్నవాడు. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. శాసనాల్లో, పాత వచనంలో, వ్యాఖ్యానాల్లో, స్థానిక చరిత్రల్లో జనం వాడుక రూపాలు ఎప్పటినుంచో ఉన్నాయని చూపించుకుంటూ పోతాడు. మీరు సంప్రదాయం అంటున్నది నిజానికి చిన్నయసూరి తర్వాత గట్టిపడ్డ అలవాటు అంటాడు. 'నీతిచంద్రిక' వచ్చింది 1853లో. అరవయ్యేళ్ళ అలవాటుని వెయ్యేళ్ళ ఆచారంగా చూపిస్తున్నారన్నదే ఆయన వాదనకి వెన్నెముక.

సంప్రదాయవాదిని సంప్రదాయంతోనే కొట్టడం అంటే ఇదే. కొత్త తెలుగు కావాలి అనేవాడు సాధారణంగా భవిష్యత్తు వైపు చూపిస్తాడు. గురజాడ గతం వైపు చూపించాడు. కమిటీకి భవిష్యత్తు చూపించి లాభం లేదని ఆయనకి తెలుసు. కమిటీలు పాత కాగితాల్ని నమ్ముతాయి, అందుకని పాత కాగితాలే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

గిడుగు దారి ఇంకొకటి. తర్వాత్తర్వాత 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' లాంటి పుస్తకాల్లో, గ్రాంథికాన్ని కాపాడుతున్నామనే పండితులే ఆ గ్రాంథికాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని పట్టి చూపించాడు. మీకే రాని భాషలో పిల్లల్ని పరీక్షించడమేంటన్నది ప్రశ్న. పరీక్ష పెట్టేవాడికే పరీక్ష పెట్టాడు. చదవడానికి గిడుగు మహా సరదాగా ఉంటాడు. నిలిచే వాదన మాత్రం గురజాడదే అనిపిస్తుంది నాకు. ఎదుటివాడి తప్పులు రేపు దిద్దుకుంటే గిడుగు దెబ్బ మాసిపోతుంది. వాడుకలోంచే ప్రమాణం వస్తుందన్న గురజాడ మాటకి ఎదుటివాడి తప్పొప్పులతో పనిలేదు.

కమిటీ వినలేదు. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే నిలబడింది. మరుసటేడు గురజాడ పోయాడు. 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడి, ఒకప్పుడు అటువైపు ఉన్న కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడయ్యాడు. అదే ఏడు ఆయనా పోయాడు. పత్రికలు మారాయి, కథలు మారాయి, సినిమాలొచ్చాయి. యూనివర్సిటీలే అందరికంటే ఆఖర్న కదిలాయి. 1960ల్లో సి. నారాయణరెడ్డి ఉస్మానియాకిచ్చిన సిద్ధాంత గ్రంథం పేరు చూడండి: 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు'. విషయం ఆధునికం, రాసినవాడు ఆధునిక కవి, అయినా ఆ 'ము', ఆ 'ములు' అట్ట మీద కూర్చునే ఉన్నాయి. గురజాడ కాగితం ఇచ్చి అప్పటికి అర్ధ శతాబ్దం.

*

ఇక షరతు సంగతి.

కమిటీకి కాగితం ఇవ్వడం అంటే కమిటీ అడిగిన ప్రశ్నకి జవాబివ్వడం. ఆ కమిటీ అడిగింది ఒక్కటే: పరీక్షలో ఏ తెలుగు ఒప్పు? అసలు ఒక్క తెలుగే ఎందుకు ఒప్పవ్వాలి అని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ కాగితం చర్చకే వచ్చేది కాదు. గురజాడ ఆ ప్రశ్నని ఒప్పుకుని జవాబు మార్చాడు. గ్రాంథికం కాదు, చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు ఒప్పు అన్నాడు. మనం శిష్ట వ్యావహారికం అంటున్నది అదే.

ఇక్కడ జయంతి రామయ్య పక్షానికి ఒక న్యాయం చెయ్యాలి. మాట్లాడే భాష జిల్లాకొకలా, కులానికొకలా ఉంటుంది, వీటిలో ఎవరి భాషని ప్రమాణం చేస్తారు, అందరికీ సమానంగా దూరమైన గ్రాంథికమే అందరికీ సమానంగా న్యాయం చేస్తుంది అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. దీన్ని ఛాందసం అని తోసెయ్యడం తేలిక. కానీ అందులో నిజమైన ప్రశ్న ఉంది. చదువుకున్నవాళ్ళ మాట ఎక్కడైనా ఇంచుమించు ఒకటే అన్నది వ్యావహారికవాదుల జవాబు. ఎక్కడైనా అంటే ఎక్కడ? చదువుకున్నవాళ్ళంటే ఎవరు? చరిత్ర ఆ ఖాళీని పూరించింది. ప్రమాణం కృష్ణా, గోదావరి జిల్లాల అగ్రవర్ణాల ఇళ్ళకి దగ్గరగా వచ్చి ఆగింది.

ఇదంతా రాసింది 'కన్యాశుల్కం' రాసిన మనిషి! ఆ నాటకంలో ఒకే తెలుగు ఎక్కడుంది? అగ్నిహోత్రావధాన్లు మాట వేరు, రామప్పంతులు మాట వేరు, గిరీశం ఇంగ్లీషు ముక్కలు కలిపే మాట వేరు, పూటకూళ్ళమ్మది వేరు, బైరాగిది వేరు, హెడ్డు కనిస్టీబుది వేరు. మధురవాణి అయితే ఎదుటి మనిషిని బట్టి మాట మార్చేస్తుంది. 1897 అచ్చుప్రతి కంటే 1909 నాటి రెండో ప్రతిలో ఈ గొంతులు ఇంకా పెరిగాయి. అందులో ఎవరి తెలుగు ఒప్పు అని అడిగితే నాటకమే నవ్వుతుంది. మాట్లాడే ప్రతి నోటికీ తన వ్యాకరణం తనకుంది.

అంటే నాటకకర్త గురజాడ అర్జీదారు గురజాడ కంటే చాలా దూరం వెళ్ళినవాడు. 1909లో అన్ని గొంతుల్నీ రంగస్థలం మీదికి తెచ్చినవాడే 1914లో ఒక్క గొంతుకి హాల్ టికెట్ అడిగాడు. దీన్ని వెనకడుగు అనను. ప్రక్రియ పెట్టిన పరిమితి అంటాను. నాటకంలో పది తెలుగులు పక్కపక్కన నిలబడగలవు. నిబంధనలో ఒక్కటే నిలబడుతుంది. అదే నాటకంలో డిప్టీ కలెక్టరు కచేరీ ఘట్టంలో అగ్నిహోత్రావధాన్ల ఫిర్యాదు వకీళ్ళ చేతుల్లో పడి ఏమైపోతుందో చూపించిన రచయితకి, కాగితం మీదికెక్కిన మనిషి గోడు ఎంత కుదించుకుపోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషులో రాయడం కూడా ఈ పరిమితిలో భాగమే. కమిటీ భాష అది. తెలుగుకోసం గురజాడ రాసిన అతి పెద్ద వాదనా గ్రంథం తెలుగు వచనానికి నమూనా కాలేకపోయింది. కథకి 'దిద్దుబాటు' ఉంది, నాటకానికి 'కన్యాశుల్కం' ఉంది. పట్టు వదలకుండా, సాక్ష్యం వెంట సాక్ష్యం పెట్టుకుంటూ తెలుగులో వాదించడం ఎలాగో చూపించే గురజాడ పుస్తకం మాత్రం లేదు. రాగలిగేదే, ఫైల్లోకి పోయింది. సాహిత్యానికి నష్టం జరిగిందంటే ఇక్కడ జరిగింది, ఆగిపోయిన నాటకాల దగ్గర కాదు.

*

ఇప్పుడు అశోక్ నగర్.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ ఉన్న వీధుల్లో ఎన్ని హాస్టళ్ళు, ఎన్ని స్టడీ హాళ్ళు, ఎన్ని జిరాక్స్ షాపులు ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ఏళ్ళకేళ్ళు ఇక్కడ చదువుతారు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. జనరల్ ఎస్సే పేపరొక్కటే 150 మార్కులు. అంటే మద్రాసు కమిటీ ముందున్న విషయమే: తెలుగు వ్యాసరచన. ఏ తెలుగులో?

నిబంధన పుస్తకంలో దీనికి జవాబు ఉండదు, అలవాటులో ఉంటుంది. తెలుగు మీడియం అభ్యర్థి చేతిలో తెలుగు అకాడమీ పుస్తకాలుంటాయి. ఆ అకాడమీ 1968లో పుట్టింది, ఉన్నది పక్కనే హిమాయత్‌నగర్‌లో. 'ద్రవ్యోల్బణం', 'స్థూల దేశీయోత్పత్తి', 'సమ్మిళిత వృద్ధి', 'అభిలషణీయం', 'పర్యవసానంగా'. క్రియ మాత్రం వ్యావహారికం: 'పెరిగింది', 'ఉంటుంది', 'చేస్తున్నారు'. గురజాడ గెలిచాడు, క్రియ దగ్గర. మిగతా వాక్యమంతా ఎవరూ మాట్లాడని సంస్కృతమే.

ఆ గెలిచిన క్రియ సంగతైనా చూద్దాం. 1914లో కోస్తా పిల్లాడు ఇంట్లో 'వచ్చాడు' అనేవాడు, పరీక్షలో 'వచ్చెను' అని రాశాడు. ఇవాళ అచ్చంపేట పిల్ల ఇంట్లో 'వచ్చిండు' అంటుంది, పరీక్షలో 'వచ్చాడు' అని రాస్తుంది. 'ఉంటది' అని ఆలోచించి 'ఉంటుంది' అని దిద్దుకుంటుంది. 'చేస్తున్నరు'కి దీర్ఘం తగిలిస్తుంది. వందేళ్ళలో ఏం మారింది? దిద్దుకోవాల్సిన మాట మారింది. దిద్దుకోవడం మారలేదు. ఎర్ర సిరాకి భయపడి నోట్లో మాట నోట్లోనే ఆపుకోవడం మారలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29, గిడుగు పుట్టినరోజు. కాళోజీ పుట్టింది 1914లో, సరిగ్గా అసమ్మతి పత్రం వచ్చిన ఏడు. బడి నేర్పే భాష పెత్తనానికి ఎదురుగా జనం నోటి భాష పక్షాన ఆయన జీవితమంతా మాట్లాడాడు. నాకు ఆయన గురజాడకి వ్యతిరేకి అనిపించడు. గురజాడ అసమ్మతికి అసమ్మతి రాసినవాడు అనిపిస్తాడు. వాడుకే ప్రమాణం అన్నారు కదా, మా వాడుక సంగతేంటి అని అడిగాడు.

ఇదే ప్రశ్న ఒకే మనిషిలో రెండుగా చీలి కనిపించే చోటు పాకాల యశోదారెడ్డి. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లో తెలుగు ప్రొఫెసర్ అయింది. ఆవిడ పరిశోధన గ్రంథం పేరు 'తెలుగులో హరివంశములు'. ఆవిడే 1973లో తెచ్చిన కథల పుస్తకం పేరు 'మా ఊరి ముచ్చట్లు'. మొదటి పేరులో 'ములు' ఉంది, రెండో దానిలో ఊరు ఉంది. ఆ కథలు పాలమూరు ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడే తెలుగులో నడుస్తాయి. కమిటీకి ఇచ్చే తెలుగు వేరు, కథకి ఇచ్చే తెలుగు వేరు అని చదువుకున్న మనిషి ఎంత తేటగా గ్రహించిందో ఆ రెండు అట్టలు పక్కపక్కన పెడితే చాలు. ప్రొఫెసర్‌కి ఆ రెండు గదులూ ఉన్నాయి. అశోక్ నగర్ అభ్యర్థికి ఒక్క గదే ఉంది, అది పరీక్ష హాలు.

ప్రమాణం లేకపోతే పేపర్లు ఎలా దిద్దుతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2024 గ్రూప్-1 మెయిన్స్ మీద హైకోర్టుకి వెళ్ళిన పిటిషన్లలో తెలుగు మీడియం జవాబుల మూల్యాంకనం కూడా ఒక వాదనగా వచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు ఈ వ్యాసం పని కాదు. తెలుగులో రాస్తే ఏమవుతుందో అన్న భయం ఈ వీధుల్లో ఎంత మామూలో తెలుసుకోవడానికి అది చాలు. అయితే ప్రమాణం అంటే ఒక్క రూపం కానక్కర్లేదు. స్పష్టంగా ఉందా, వాదన నిలబడిందా, సాక్ష్యం ఉందా అని చూడడం కూడా ప్రమాణమే. 'ఉంటది' అన్నంత మాత్రాన ఆర్థిక శాస్త్రం తప్పవదు. ఇంగ్లీషులో రాసేవాడు బ్రిటిష్ స్పెల్లింగు రాసినా అమెరికన్ స్పెల్లింగు రాసినా ఎవరూ కొట్టుకోరు. తెలుగుకి ఆ మాత్రం చోటు ఎందుకు ఇవ్వం?

*

ఇంతకీ అసమ్మతి పత్రం ఇవాళ ఎందుకు చదవాలి? అందులోని జవాబు కోసం కాదు. ఆ జవాబు పాతబడింది, కొంతమందికి అది కొత్త గ్రాంథికం అయింది కూడా. చదవాల్సింది పద్ధతి కోసం. వాడుక ఎక్కడుందో వెతికి, మూటకట్టి, నువ్వు లేదన్నది ఇదిగో అని బల్ల మీద పరిచే ఆ మొండితనం కోసం. ఓడిపోతామని తెలిసిన కమిటీలో కూడా ఒక పేరాతో సరిపెట్టకుండా పుస్తకమంత రాసి ఇవ్వడం కోసం.

ఒప్పుకున్న సభ్యుల సంతకాలు ఎవరికీ గుర్తుండవు. ఒప్పుకోనివాడి కాగితం నూటపదేళ్ళ తర్వాత కూడా మనతో తగువు పెట్టుకుంటోంది. కమిటీ కాగితం సాహిత్యం అవుతుందా అంటే, ఇలా రాస్తే అవుతుంది.

రెండో అసమ్మతి పత్రం ఇంకా ఎవరూ రాయలేదు. సాక్ష్యాలకి కొదవలేదు. గురజాడకి శాసనాలు, కైఫీయతులు దొరికితే, మనకి 'మా ఊరి ముచ్చట్లు' నుంచి నిన్నటి తెలంగాణ కథ దాకా వరసగా ఉన్నాయి. ఈసారి మాత్రం దాన్ని తెలుగులోనే రాయాలి. అందులో 'వచ్చాడు' ఉన్నచోట 'వచ్చాడు', 'వచ్చిండు' ఉన్నచోట 'వచ్చిండు' ఉండాలి. ఏ కమిటీ అయినా దాన్ని దిద్దకుండా చదవడం నేర్చుకుంటే, గురజాడ 1914లో మొదలుపెట్టిన పని అప్పుడు సగమైనా అయినట్టు.